అలమేలత్త అరగదీసిన నత్త

1956 జూలై 3

అనంతరామయ్య గారు ఇవాళ తన గది తలుపు గడియ వేసి, బీరువాలోంచి ఒక అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టారు. ఆయన మా జువాలజీకి హెడ్డు. నేను టెంపరరీ డిమాన్‌స్ట్రేటరును. ఆయన గడియ వేస్తే నాకు ముందుగా నా ఉద్యోగమే గుర్తొస్తుంది.

అగ్గిపెట్టెలో దూది, దూదిలో నత్తగుల్ల. కారైకాల్ పక్కన బావి తవ్వుతుంటే అడుగుమట్టిలో దొరికిందట. కోటి ఏళ్ళ పైమాటే. ఈ జాతి ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదు, గుల్ల కూడా ఈ ఒక్కటే. బొటనవేలంత ఉంది. పైన వెడల్పు, కిందికి సన్నం, తెల్లటి తెలుపు. నేను దీనికి బొమ్మ గీయాలి, వర్ణన రాయాలి, పేరు పెట్టాలి. కాలేజీలో కాదు, ఇంట్లో. జియాలజీ భాష్యం గారు ఏదో ఒక వంకతో ల్యాబుకు వచ్చి దీన్ని రంపంతో కోసేస్తారని అనంతరామయ్య గారి భయం. ఇంట్లో ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నారు.

పేరు సంగతి చెప్పేటప్పుడు ఆయన కిటికీ వైపు తిరిగారు. కోనస్ అన్నది ఇంటిపేరు, అది ఎలాగూ ఉంది. తర్వాతి పేరు మాత్రం వర్ణన రాసినవాళ్ళు పెట్టాలి. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకుంటే లోకం నవ్వుతుందట. శిష్యులు పెడితే గౌరవమట. "నీకు ఏ పేరు తోస్తే అది పెట్టు, మృణాళినీ. నేను బలవంతం చేయను," అని, వెంటనే, ఈ నెలాఖరుకు పర్మనెంటు పోస్టుకు ఎవరినో ఒకరిని సిఫారసు చేయాల్సి ఉందని కూడా అన్నారు. నాకు తోచింది. కోనస్ అనంతరామయ్యై. ఆయన మొహం దీపావళి అయింది.

నేనుండేది మా మేనత్త ఇంట్లో, ఇల్లు ఇరుకు. అత్త ఏ వస్తువు కనిపించినా తుడిచి, కడిగి, ఇంకెక్కడో పెడుతుంది. అందుకని గుల్లను దేవుడి గూట్లో ఇత్తడి పళ్ళెంలో పెట్టాను. స్నానం చేయనిదే ఆ గూటి జోలికి ఎవరూ పోరు. ఇంతకన్నా భద్రమైన చోటు మద్రాసులో బ్యాంకుల్లో కూడా దొరకదు.

జూలై 5

ముందు వైపు బొమ్మ పూర్తయింది. బాగా వచ్చింది. నాకే ముద్దొచ్చింది.

ఇంట్లో వేరే గొడవ. పక్కింటి మునిరత్నం స్టూడియోలో మేకప్ వాళ్ళ దగ్గర పని చేస్తాడు. అతని మాట సాయంతో అత్త కూతురు కోకిలకు స్క్రీన్ టెస్ట్ కుదిరింది, 18వ తేదీన. ఆ వార్త విన్న మర్నాడే దాని బుగ్గల మీద మొటిమలు లేచాయి. పొద్దున్నుంచి అద్దం ముందు ఏడుపు. అత్త శనగపిండి పట్టించింది, పసుపు పట్టించింది, వేపాకు పట్టించింది. నేను ఫస్టియర్ వాళ్ళ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చి ఇంట్లో ఇంకో శంఖం ఉందా అని అడిగింది. దేవుడి దగ్గర చూడమన్నాను. కుందేలుకు రెండు గుండెకాయలు రాసింది ఒక మహాతల్లి. పేపర్లు ఇంకా సగం ఉన్నాయి.

జూలై 8

కోకిల తెల్లటి మొహంతో ఇల్లంతా తిరుగుతోంది. శంఖం సాన మీద అరగదీసి రాస్తే మొటిమ లోపలే చచ్చిపోతుందని అత్త సిద్ధాంతం. సైన్సు చదివినదాన్ని కనుక నవ్వాను.

నా గడ్డం మీద కూడా ఒకటి లేచింది.

జూలై 9

కొంచెం రాసుకున్నాను. ఊరికే, ప్రయోగం కోసం.

జూలై 11

ఒప్పుకోక తప్పదు. కోకిల బుగ్గలు నున్నబడ్డాయి. నా గడ్డం కూడా. శంఖంలో ఉన్న కాల్షియం గుణం కాబోలు, దీని మీద ఎవరైనా పరిశోధన చేయాలి. అత్తతో ఆ మాటే అంటే పొంగిపోయింది. పేపర్ల పని ఇంకా అవలేదు. నత్త దేవుడి దగ్గర చల్లగా ఉంది.

కాలేజీలో మాత్రం వేడిగా ఉంది. భాష్యం గారికి సంగతి పొక్కింది. అసలు ఇది కోను నత్తే కాదంటున్నారు. వేరే కుటుంబంలో ఒకటి రెండు గుల్లలు పైకి అచ్చం కోనులాగే ఉంటాయి, ఇది వాటికి చుట్టం, కోను వేషం వేసుకుందంతే అని స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు. సినిమా స్టూడియోల కోడంబాక్కంలో ఉండేదాన్ని కనుక ఆ మాట నాకు బాగానే అర్థమైంది. తేలాలంటే ఒక్కటే దారి, కోసి చూడడం. అసలైన కోను నత్త పెరిగే కొద్దీ తన లోపలి గోడలను తానే కరిగించుకుని ఇల్లు విశాలం చేసుకుంటుంది. బయటి గోడ దళసరి, లోపలి గోడలు ఉల్లిపొరలు. వేషగాళ్ళకు ఆ తెలివి లేదు, లోపల కూడా గోడలు దళసరిగానే ఉంటాయి.

ఉన్న ఒక్క గుల్లను కోయడమంటే తన వేలు కోయడమేనని అనంతరామయ్య గారు మండిపడ్డారు. 21వ తేదీన జరిగే సైన్సు సంఘం సభలో తేల్చుకుందామన్నారు భాష్యం గారు. కోయకపోతే సభలో మా వాదన వీగిపోతుంది. వీగిపోతే పేరూ లేదు, పేపరూ లేదు, నా పోస్టూ లేదు.

జూలై 13

రాసుకున్నాను. దేవుడా, నేను కూడా రాసుకున్నాను.

జూలై 14

నిన్న చేయి ఆడలేదు. ఇవాళ రాస్తున్నాను.

పేపర్లు అయిపోయాయి కదా, నత్త వెనక వైపు గీద్దామని గూటి దగ్గరికి వెళ్ళాను. పళ్ళెంలో లేదు. సాన మీద ఉంది. గంధపుచెక్క పక్కన, తడిగా, వెల్లకిలా. ఒక వైపు మొత్తం చదునుగా అరిగిపోయి ఉంది. కోటి ఏళ్ళ పాటు సముద్రం, మట్టి, బావి తవ్వినవాళ్ళ గునపం చేయలేని పనిని మా అత్త వారంలో చేసింది.

గుల్లను చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడ్డాను. అత్త వంటింట్లోంచి వచ్చి, "ఏమే, అట్లా నిలబడుకున్నావు? నీకూ కావాల్నా? ఉండు, తీసిస్తా," అంది.

ఇది శంఖం కాదని, కాలేజీ వస్తువని చెప్పాను. పెద్ద శంఖం పక్కనే ఉండగా దీన్నెందుకు తీశావని అడిగాను.

"పూజ చేసే శంఖాన్ని ఎవురన్నా అరగదీస్తారా? చిన్నది పెట్టినావు, సాన పక్కనే పెట్టినావు. నేను అడిగితే దేవుడి కాడ చూడమని నువ్వే గదా చెప్పినావు."

నేను అలా అన్నట్టు నాకు గుర్తు లేదు. అనే మనిషిని కూడా కాను. అత్తకు ఈ మధ్య మతిమరుపు వస్తోంది.

జూలై 15

మరీ అంతగా ఏం పోలేదు. ఒక వైపే కదా. ముందు వైపు నా బొమ్మలో భద్రంగా ఉంది. నత్తకు వెనక వైపు ఎవరు చూస్తారు?

జూలై 16

సార్‌తో చెబుదామనే వెళ్ళాను. ఆయనకు జలుబు చేసింది. జలుబు చేసిన మనిషికి ఇలాంటివి చెప్పకూడదు. రేపు చెబుతాను.

జూలై 17

ఇవాళ చెబుదామనుకున్నాను కాని ఆయన జలుబు తగ్గి హుషారుగా ఉన్నారు. హుషారుగా ఉన్నవాళ్ళకు మాత్రం ఎందుకు చెప్పడం?

"నత్త ఎలా ఉంది?" అని అడిగారు. "ఉందండి," అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఇంటికి వచ్చి ఏడుద్దామని గుల్ల చేతిలోకి తీసుకున్నాను. ఏడ్చే ముందు అలవాటు కొద్దీ భూతద్దం కూడా తీశాను. అప్పుడు చూశాను. అరిగిన వైపు లోపలి చుట్లన్నీ నిలువునా కనిపిస్తున్నాయి, మేడకు ఒక గోడ తీసేసి గదులన్నీ చూపించినట్టు. బయటి గోడ నా గాజంత మందం ఉంది. లోపలి గోడలు ఉల్లిపొరలు. ఎటు తిప్పి చూసినా ఉల్లిపొరలే.

కోను నత్తే. వేషం కాదు. సార్ చెప్పిందే నిజం. ఆ నిజాన్ని రుజువు చేసేది మాత్రం ఆయన గుండె పగలగొట్టే ఈ గుల్ల ఒక్కటే.

ఏడవడం మరిచిపోయాను.

జూలై 18

స్క్రీన్ టెస్ట్. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. కాలేజీకి వెళ్ళకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు, అయినా అందుకని వెళ్ళలేదు, కోకిల కోసమే వెళ్ళాను. లైట్ల కింద దాని బుగ్గలు వెన్నముద్దల్లా మెరిశాయి. పిల్ల చర్మం బాగుందని కెమెరా ఆయన మెచ్చుకున్నాడు. అంతరించిపోయిన ఒక జాతిలో సగం దాని మొహానికే పోయిందని ఆయనకేం తెలుసు?

వేషం ఇచ్చారు. పౌరాణికంలో రాణిగారికి చెలికత్తె, వింజామర విసరాలి. మొహం రాణి వైపు, వీపు మన వైపు.

"వదినా, నా వీపు అయినా బాగుంటుందా?" అని బస్సులో అడిగింది. బ్రహ్మాండంగా ఉంటుందన్నాను. ఇంటికి రాగానే అత్త దాని వీపు కూడా పరీక్షగా చూసింది. నేను గబగబా దేవుడి గూటికి వెళ్ళి గుల్ల తీసి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

జూలై 21

ముందుగా రాయాల్సింది, నా ఉద్యోగం ఇంకా ఉంది.

సభకు జనం బాగానే వచ్చారు. నా బొమ్మను గోడకు తగిలించారు. అనంతరామయ్య గారు కొత్త కోటులో లేచి గంభీరంగా మాట్లాడారు. భాష్యం గారు లేచి బొమ్మ చాలా ముద్దుగా ఉందని, అయితే వేషం చూసి కులగోత్రాలు రాసుకునే రోజులు పోయాయని, ధైర్యముంటే కోసి చూపించమని అన్నారు. జనం నవ్వారు. సార్ మెడ మీద ఎరుపు పాకింది. కొత్త కోటు బొత్తాం పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నేను ఆయన్ను చూసి భయపడ్డాను, ఎక్కిరించాను. ఆ క్షణాన మాత్రం ఆయన మీద చచ్చేంత జాలి కలిగింది. ఆయన చెప్పింది నిజమని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

లేచి వెళ్ళి చేతిరుమాలు విప్పి గుల్లను బల్ల మీద పెట్టాను. అరిగిన వైపు పైకి తిప్పి.

సార్ చూశారు. ఆయన చేయి బల్ల అంచును పట్టుకుంది. భాష్యం గారు భూతద్దం తీసి చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "కోనే," అన్నారు. ఆయన మంచి మనిషేనని ఇవాళ తెలిసింది. ఓడిపోయినా గొంతు తగ్గించలేదు. తర్వాత, "ఇంత నున్నగా నేను కోయలేను. ఎవరి పని ఇది?" అని అడిగారు.

నేను నిజం చెప్పడానికే నోరు తెరిచాను. అనంతరామయ్య గారు నాకన్నా ముందు అన్నారు: "నేనే చెప్పి చేయించాను."

చప్పట్లు.

జూలై 23

సిఫారసు కాగితం వెళ్ళిపోయింది. నా పేరే.

సార్ నాతో పొడిపొడిగా మాట్లాడారు. అడక్కుండా ఎందుకు చేశావన్నారు. అడిగితే వద్దనేవారు కదండీ అన్నాను. నిజమే కదా. ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఒక వైపయినా మిగిలింది అని గొణిగారు. జలుబు తిరగబెట్టినట్టుంది. జలుబు కాకపోవచ్చు కూడా.

భాష్యం గారు ఆయన వెంట పడ్డారట, పద్ధతి చెప్పమని. తన దగ్గరున్న గుల్లలన్నీ అలాగే అరగదీయాలట. ఏ రాయి, ఏ పొడి, ఎంత నీరు? "ఆదివారం మీ ఇంటికొచ్చి నీ పరికరం చూస్తాను," అన్నారు సార్.

అత్తకు అన్నీ నేర్పాలి.

జూలై 28

అత్తకు నేర్పాను. సాన నాదే, నేనే అరగదీశాను, తనకేమీ తెలియదు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. చిలకలాగా అప్పజెప్పింది. ఇంక భయం లేదు.

జూలై 29

అనంతరామయ్య గారు చెప్పులు గడప బయట విప్పారో లేదో, అత్త కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఆ చిన్న శంఖం మీదేనా అయ్యా? తెలీక నేను అరగదీసేసినా. మనసులో పెట్టుకోవాకండి," అంది.

నేర్పిన చిలకలన్నీ ఎగిరిపోయాయి.

సార్ గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. అత్త ఆయన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. స్క్రీన్ టెస్ట్, మొటిమలు, శనగపిండి, వేపాకు, దేవుడి గూడు. నేను రాసుకున్నది కూడా చెప్పింది. అది నేను నేర్పలేదు. అది చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

"కోటి ఏళ్ళమ్మా," అన్నారు సార్.

"ఉండొచ్చు అయ్యా. ఆడపిల్లకు అదొక్క దినం గదా."

సార్ ఇంకేమైనా అనాలని కాబోలు, ఇలాంటి నత్తలు బతికున్నవి ముల్లుతో కుడతాయని, ఆ విషానికి మనుషులు చచ్చిపోతారని చెప్పారు. అత్త అదిరిపడి కోకిలను కేకేసింది. లోపలి గదిలోంచి అది వచ్చింది. మొహమంతా తెల్లగా.

రేపు షూటింగట. వీపు కనిపించే వేషానికి మొహానికెందుకని నేనెప్పుడో అడిగాను, రాణిగారైనా చూస్తారు కదా అంది. గుల్ల అరగదీసిన గంధంలో మిగిలింది అత్త చిన్న గిన్నెలో ఎండబెట్టి దాచిందట. దాన్నే తడిపి పట్టించింది.

విషం జంతువులో ఉంటుంది, గుల్లలో ఉండదని సార్ అత్తకు ధైర్యం చెప్పారు. చెబుతూనే గ్లాసు కింద పెట్టి లేచారు. "అమ్మాయీ, కదలొద్దు. నవ్వొద్దు," అని జేబులోంచి తన విజిటింగ్ కార్డు తీసి, కోకిల బుగ్గల మీది పొడిని గీకి అగ్గిపెట్టెలో పోసుకున్నారు. నుదురు, ముక్కు, చెవి కింద మిగిలిన పొట్టు కూడా. కోకిల కళ్ళు మూసుకుని, "అయ్యో, కూసుదు వదినా," అంటూ చక్కిలిగింతను బిగబట్టుకుని నిలబడింది. గిన్నె అడుగు కూడా గీకారు. తర్వాత నా గడ్డం వైపు చూశారు. నేను ఎప్పుడో కడిగేసుకున్నానండి అన్నాను.

రెండో కాఫీ తాగారు. భాష్యం గారికి ఏం చెప్పాలా అని తనలో తాను అనుకున్నారు. తన నోటితో తానే చేయించానని సభలో అన్న మనిషి ఇప్పుడు ఏం చెప్పగలరు? వెళ్ళేటప్పుడు నా వైపు చూశారు. ఇద్దరం దొంగలమే అని ఆ చూపు. ఆయన మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

ఆగస్టు 6

వర్ణన పూర్తి చేశాను. పేరు పెట్టాల్సిన చోట ఖాళీ వదిలాను. రాయడం క్షణం పని. అనంతరామయ్యై. కలం తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి కాఫీ తాగాను.

అత్త ముందు వాటాలో ఉండే ఇంటాయనకు అద్దె ఇచ్చి రసీదు పట్టుకొచ్చింది. దాని మీద ఎప్పటిలాగే "కోటిలింగం సంసారం", అంటే ఆయన భార్య అని. కోటిలింగం మామ పోయి ఎన్నేళ్ళో అయింది. రాయపురంలో ఉన్నప్పుడూ అదే రాసేవాళ్ళు, ఈ ఇంటికొచ్చినా అదే రాస్తున్నారు. నాకు అత్త, కోకిలకు అమ్మ, మునిరత్నానికి కోకిల వాళ్ళమ్మ, మా నాన్నకు చెల్లి. ఈ ఇంట్లో నేనున్న ఇన్నాళ్ళలో ఎవరైనా ఆమెను పేరు పెట్టి పిలవగా విన్నానా అని ఆలోచించాను. వినలేదు.

ఖాళీ నింపాను.

ఆగస్టు 7

సార్ కాగితాలు చదివారు. పేరు దగ్గర ఆగారు. ఆయన మొహంలో దీపావళి ఆరిపోయింది. అయినా నేను వెనక్కి తగ్గలేదు.

"అలమేలు ఎవరు?" అన్నారు, తెలిసి కూడా.

"మా అత్త పేరండి. గుల్ల ఎలా అరిగిందో 'పద్ధతి' అనే శీర్షిక కింద వివరంగా రాయమంటే రాస్తాను. మొటిమల దగ్గర్నుంచీ. లేదంటే ఈ ఒక్క మాటలోనే సరిపెడతాను. మీ ఇష్టం."

ఆయన కళ్ళజోడు తీశారు. కోపం వస్తుందనుకున్నాను. భుజాలు కదిలాయి, నవ్వుతున్నారని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. సంతకం పెట్టారు. పద్ధతి కింద తన చేత్తో ఒక్క వాక్యం రాశారు, మెత్తని రాతి మీద నీటితో అరగదీయడమైనదని. ఎవరు, ఎందుకు అన్నది రాయలేదు.

1957 ఫిబ్రవరి 12

పేపరు అచ్చయి వచ్చింది. కోనస్ అలమేలుయే. ఆడవాళ్ళ పేరు పెడితే లాటిన్‌లో అలాంటి తోక తగిలిస్తారు. గుల్ల, అగ్గిపెట్టెలోని పొడి, రెండూ ఒకే నంబరుతో కాలేజీ మ్యూజియంలో ఉన్నాయి. కోకిల వీపు కూడా తెర మీదికి వచ్చింది, చాలా బాగుందని మునిరత్నం చెప్పాడు.

సాయంత్రం అత్తకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతోంది. ముందు పట్టించుకోలేదు. చచ్చిపోయిన నత్తకు నా పేరేంది, బతికుండేదానికి పెట్టగూడదా అంది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"రేపు ఇంకొకాయన వచ్చి, ఇది ఈ ఇంటి నత్త కాదు, వేరే ఇంటిది అంటే?"

అప్పుడు ఇంటిపేరు మారుస్తారు, పేరు మాత్రం తీయకూడదు, అది రూలు అని చెప్పాను. ఎన్నిసార్లు ఇల్లు మార్చినా అలమేలు దాని వెంటే పోతుంది.

"నాకు ఇంటిపేరు మారినప్పుడు పేరు గూడా పాయె," అంది అత్త. మామూలుగానే అంది, బియ్యంలో రాయి దొరికిందని చెప్పినట్టు. "దీనికి పోదా?"

"పోదత్తా."

కొంగుతో చేతులు తుడుచుకుని ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి ఉంచింది.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"ఆడ వాకిట్లోకి పోయి చదువు," అంది. "గట్టిగా. ఇంటాయన గూడా ఇంట్లోనే ఉండాడు."